చేతులు మారిన బిడ్డ

రాజపాళయం నుంచి తెన్‌కాశి వెళ్లే రోడ్డు మీద, పడమటి కనుమల పాదాన ఉంటుంది సేత్తూరు. ఒకప్పటి జమీను ఊరు, ఇప్పుడు పట్టణ పంచాయతీ. ఈ చుట్టుపక్కల రాజులు, కమ్మవారు, రెడ్లు, నాయుళ్లు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటారు. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ పెట్టింది మొదలు ఈ తాలూకా బతుకు నూలుతో ముడిపడింది. మిల్లు మూడు షిఫ్టులు నడుస్తుంది. పొద్దుటి షిఫ్టుకు ఆడవాళ్లను ఎక్కించుకునే వ్యాను ఇంకా చీకటి ఉండగానే వచ్చి నిలబడుతుంది. చీర ఉయ్యాలలో పడుకున్న బిడ్డను లేపకుండా తల్లి వెళ్లిపోతుంది. బిడ్డ లేచేసరికి ఎదురుగా అవ్వ ఉంటుంది. వారం మారితే షిఫ్టూ మారుతుంది. ఈసారి తల్లి పగలు ఇంట్లోనే ఉంటుంది, కానీ రాత్రి చేసి వచ్చిన నిద్రలో ఉంటుంది.

ఈ బిడ్డ రేపు ఎలా తయారవుతుంది? దీనికి రెండు జవాబులు వినబడతాయి. పెద్దవాళ్లు, “ఏమీ కాదు, మేమంతా అట్లా పెరిగినవాళ్లమే” అంటారు. సెల్‌ఫోన్‌లో వచ్చే పిల్లల పెంపకం వీడియోలు మాత్రం మొదటి వెయ్యి రోజుల్లో తల్లి పక్కన లేకపోతే ఇక ఆ నష్టం పూడదని భయపెడతాయి. ఎనభై ఏళ్లుగా పోగుపడిన పరిశోధన ఈ రెండింటిలో దేనికీ పూర్తిగా వత్తాసు పలకదు. దాన్ని వరసగా చదివితే నాకు తోచింది ఇది: తల్లి రోజుకు ఎన్ని గంటలు దూరంగా ఉందన్న లెక్క కన్నా, బిడ్డ ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క ముఖ్యం. ఆ రెండో లెక్క మన ఇళ్లలో ఎవరూ వేయరు.

ఈ విషయాన్ని శాస్త్రం ముంగిటికి తెచ్చినవాడు జాన్ బౌల్బీ. 1907లో లండన్‌లో కలిగిన ఇంట పుట్టాడు. ఆ ఇళ్ల పద్ధతి ప్రకారం తల్లి రోజుకు కాసేపు కనిపించేది, పెంచింది ఆయాలు. తనకు బాగా మాలిమి అయిన ఆయా, తనకు నాలుగేళ్లప్పుడు పని మానుకుని వెళ్లిపోతే తల్లి పోయినంత పనయిందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. అంత అనుభవం ఉన్న మనిషి సిద్ధాంతం కట్టేటప్పుడు మాత్రం తల్లి చుట్టూనే కట్టాడు. 1944లో దొంగతనాలకు అలవాటుపడిన 44 మంది పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. వారిలో ఎవరి మీదా మమకారం లేనట్టు కనిపించినవాళ్లు 14 మంది. వారిలో 12 మంది పసితనంలో చాలాకాలం తల్లికి దూరమైనవాళ్లు. లెక్క చూడగానే గుండె గుభేలుమంటుంది. కానీ మమకారం ఉందో లేదో తేల్చిందీ ఆయనే, గతాన్ని తవ్విందీ ఆయనే. దూరమైన ఆ పిల్లలు ఎక్కడ, ఎవరి దగ్గర, ఎలాంటి స్థితిలో ఉన్నారన్నది ఆ లెక్కలో కలగాపులగమైపోయింది.

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బౌల్బీ రాసిన నివేదిక లోకమంతా పాకింది. బ్రిటన్‌లో యుద్ధకాలపు శిశు కేంద్రాలు మూతపడి, ఫ్యాక్టరీలకు వెళ్లిన ఆడవాళ్లు ఇళ్లకు మళ్లుతున్న రోజులవి. నివేదిక అనాథాశ్రమాల గురించి చెప్పిన మాటలు పనికి వెళ్లే తల్లులందరికీ అంటుకున్నాయి. మైకేల్ రట్టర్ 1972లో రాసిన పుస్తకంలో ఈ చిక్కుముడి విప్పాడు. ఏర్పడిన బంధం తెగిపోవడం వేరు, అసలు బంధమే ఏర్పడకపోవడం వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదన్నాడు. ఈ రంగంలో వచ్చిన పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించేది అదే.

బంధమే ఏర్పడకపోతే ఏమవుతుందో రెనే స్పిట్జ్ అంతకుముందే చూపించాడు. 1945లో ఆయన రెండు చోట్ల శిశువులను పోల్చాడు. ఒకటి జైలు, అక్కడ ఖైదీ తల్లులే తమ బిడ్డలను చూసుకునేవాళ్లు. రెండోది శుభ్రమైన, వైద్యం అందే శిశు గృహం. అక్కడ ఒక్కో నర్సు చేతికింద ఎనిమిదిమంది దాకా పిల్లలు. శిశు గృహంలో రెండేళ్లలో మూడోవంతుకు పైగా పిల్లలు చనిపోయారు. జైలు పిల్లలు బతికి, నడక నేర్చి, మాటలు నేర్చారు. తిండీ మందూ ఉంటే చాలన్న నమ్మకం అక్కడ కూలింది. 1958లో హ్యారీ హార్లో కోతిపిల్లలకు పాలిచ్చే తీగబొమ్మనూ, పాలివ్వని గుడ్డబొమ్మనూ పెడితే అవి గుడ్డబొమ్మనే కరుచుకున్నాయన్న సంగతి అందరికీ తెలిసిందే.

అందరికీ తెలియనివి, తెలియాల్సినవి జేమ్స్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతుల సినిమాలు. 1952లో జేమ్స్ తీసిన మొదటి సినిమాలో రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఒంటరిగా ఉంటుంది. దాన్ని చూసిన డాక్టర్లు కోప్పడ్డారు. చివరికి 1959 నాటి ప్లాట్ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లులను రానివ్వాలని సిఫారసు చేసింది. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో తల్లి బిడ్డ మంచం మీదే పడుకుంటోందంటే, అది మన దగ్గర ఎప్పుడూ ఉన్న అలవాటే. ఇంగ్లండుకు మాత్రం కమిటీ వేయాల్సి వచ్చింది.

1960ల చివర్లో ఈ దంపతులు ఇంకో పని చేశారు. తల్లి కాన్పుకు ఆసుపత్రికి వెళ్లినప్పుడు బిడ్డ ఎక్కడ ఉంటే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూశారు. పదిహేడు నెలల జాన్‌ను తొమ్మిది రోజులు ఒక శిశు గృహంలో ఉంచారు. అక్కడి నర్సులు చెడ్డవాళ్లేమీ కాదు; చిన్నవయసు పిల్లలు, నవ్వుతూ మాట్లాడేవాళ్లు. కానీ డ్యూటీలు మారుతుంటాయి. జాన్ మొదటి రెండు రోజులు ఒక నర్సును ఎంచుకుని ఆమె ఒళ్లోకి చేరాలని చూస్తాడు. అప్పటికే ఆ గృహంలో పెరిగి గట్టిపడిన పిల్లలు అతన్ని తోసేసి ముందుకొస్తారు. మరుసటి రోజు ఆ నర్సు ఉండదు, ఇంకొకరు వస్తారు. జాన్ మళ్లీ మొదలుపెడతాడు. మూడో రోజుకు ఏడుపు, తర్వాత తిండి వద్దనడం, ఆ తర్వాత మనుషులను వదిలేసి పెద్ద ఎలుగుబంటి బొమ్మను వాటేసుకుని నేలమీద పడుకోవడం. తొమ్మిదో రోజు తల్లి వచ్చి చేతులు చాచితే బిడ్డ కేకలు వేస్తూ ఆమెకు వీపు తిప్పేశాడు.

ఇంచుమించు అదే వయసు, కొంచెం పెద్ద వయసు పిల్లలు నలుగురు, జేన్, లూసీ, థామస్, కేట్, ఒకరి తర్వాత ఒకరు రాబర్ట్‌సన్ల ఇంట్లోనే ఉన్నారు. కేట్ 27 రోజులు ఉంది. వాళ్లు దిగులుపడ్డారు, అలిగారు, మొండికేశారు. కానీ ఎవరూ జాన్‌లా కూలిపోలేదు. తల్లి దూరం కావడం అందరికీ సమానమే. తేడా ఎదుట నిలబడ్డ మనిషిలో ఉంది: ఇక్కడ ఒక్కరే, ప్రతి రోజూ ఆవిడే. ఐదుగురు పిల్లలతో శాస్త్రం తేలదన్న మాట నిజమే. అయినా తర్వాత వందల మందితో చేసిన అధ్యయనాలు ఇదే వైపు వేలు చూపించాయి.

ఇక మేరీ ఐన్స్‌వర్త్. అనుబంధాన్ని కొలవడానికి ఆమె కట్టిన పద్ధతి ఇప్పటికీ ఈ రంగానికి తూకం రాయి. ఏడాది దాటిన బిడ్డను తల్లితో కలిపి బొమ్మలున్న కొత్త గదిలో కూర్చోబెడతారు. ఒక పరాయి మనిషి వస్తుంది. తల్లి వెళ్తుంది, వస్తుంది, మళ్లీ వెళ్తుంది, వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాలు. తల్లి వెళ్లినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది అంత ముఖ్యం కాదు. తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే చూస్తారు. తల్లి దగ్గరికి వెళ్లి, ఊరడిల్లి, మళ్లీ ఆటకు మళ్లే బిడ్డది నిశ్చింత. ఆమెను చూడనట్టు బొమ్మల వైపు తిరిగే బిడ్డ ఒక రకం. ఎత్తుకోమని చేతులు చాచి, ఎత్తుకుంటే కాళ్లతో తన్నే బిడ్డ ఇంకో రకం. తర్వాత మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ నాలుగో రకాన్ని చేర్చారు: దగ్గరికి రాబోయి మధ్యలో నిలబడిపోయే, ఎటు పోవాలో తెలియని బిడ్డ. భయం పుట్టించేదీ, భయం తీర్చాల్సిందీ ఒకే మనిషి అయిన ఇళ్లలో ఇది ఎక్కువ.

ఐన్స్‌వర్త్ ఈ ఆలోచన మొదలుపెట్టింది అమెరికాలో కాదు, 1954-55లో ఉగాండా పల్లెల్లో. అక్కడి తల్లులు పొలాలకు వెళ్లేవాళ్లు, బిడ్డలను ఇతర ఆడవాళ్లు చూసేవాళ్లు, బిడ్డలు తల్లితోపాటు వాళ్లతోనూ ముడిపడేవాళ్లు. ఆ సంగతి ఆమె రాసి పెట్టింది కూడా. పరీక్ష గది బాల్టిమోర్ చేరేసరికి తల్లీ బిడ్డా తప్ప తక్కినవాళ్లంతా బయటే ఉండిపోయారు.

అందుకే ఈ పరీక్ష ఊరు దాటితే తడబడుతుంది. జపాన్‌లో ఏడాది బిడ్డను ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు కాబట్టి, తల్లి గది దాటగానే బిడ్డలు గగ్గోలు పెట్టారు. అది అనుబంధంలో లోపమా, అలవాటు లేకపోవడమా? 1988లో వాన్ ఐజెండోర్న్, క్రూనెన్‌బర్గ్ ఎనిమిది దేశాల ఫలితాలు పోగుచేసి చూస్తే దేశానికీ దేశానికీ ఉన్న తేడా కన్నా ఒకే దేశంలోని అధ్యయనాల మధ్య తేడా ఎక్కువగా తేలింది. ఆ ఎనిమిదింటిలో భారత్ లేదు.

మన సంగతి తెలియాలంటే మానవశాస్త్రం వైపు వెళ్లాలి. మార్గరెట్ ట్రావిక్ ఒక తమిళ కుటుంబంతో కలిసి జీవించి 1990లో వెలువరించిన పుస్తకంలో, తల్లి తన బిడ్డ మీద ప్రేమను బాహాటంగా చూపించకుండా దాచుకోవడం, తోడికోడలి బిడ్డను ముద్దుచేయడం, పిల్లలు ఎవరి బిడ్డలో తేడా తెలియకుండా కలిసిపోవడం ఇవన్నీ రాసింది. సేత్తూరు తెలుగు ఇళ్లకు ఇది కొత్తేమీ కాదు. దిష్టి తగులుతుందని కన్నబిడ్డను పొగడని తల్లి, పక్కింటి బిడ్డకు ముద్ద కలిపి పెట్టే అత్త మనకు తెలిసినవాళ్లే. సూసన్ సేమర్ భువనేశ్వర్‌లో ఏళ్ల తరబడి చూసినదీ ఇలాంటి పెంపకమే. బౌల్బీ కొలబద్దకు భిన్నంగా, ఇక్కడ తల్లి పెంపకాన్ని నలుగురితో పంచుకునే మనిషే తప్ప బిడ్డకు ఏకైక ఆధారం కాదు.

పలువురి చేతుల్లో పెరగడం మంచిదేనని ఇక్కడ ఆగిపోతే పని సులువయ్యేది. ఇజ్రాయెల్ కిబుట్జ్‌ల (ఉమ్మడి బతుకు ఊళ్ల) మీద 1994లో అవీ సాగీ బృందం ప్రచురించిన ఫలితం ఆగనివ్వదు. పగలంతా ఒకే రకం శిశు కేంద్రంలో గడిపిన రెండు గుంపుల పిల్లలను వాళ్లు పోల్చారు. ఒక గుంపు రాత్రి ఇంటికి వెళ్లి పడుకునేది. రెండో గుంపు సామూహిక గదుల్లోనే పడుకునేది, రాత్రి కాపలావాళ్లు వంతులవారీగా మారేవాళ్లు. మొదటి గుంపులో 80 శాతం పిల్లలకు తల్లితో నిశ్చింత అనుబంధం ఉంది, రెండో గుంపులో 48 శాతానికే. చీకట్లో ఏడిస్తే వచ్చేది ఎవరో బిడ్డకు ముందే తెలియాలి. నలుగురు చూసుకున్నా ఫరవాలేదు, ఎప్పుడూ ఆ నలుగురే అయితే.

చేతులు అసలు లేకపోతే? ఆ ఘోరమైన ప్రయోగాన్ని ఒక ప్రభుత్వం చేసింది. రుమేనియాలో చౌషెస్కు 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. పోషించలేని బిడ్డలు ప్రభుత్వ శిశు గృహాలకు చేరారు. 1989 డిసెంబరులో ఆ పాలన కూలాక తలుపులు తెరిచిన లోకానికి లక్షకు పైగా పిల్లలు కనిపించారు. రుమేనియా నుంచి బ్రిటిష్ కుటుంబాలు దత్తత తీసుకున్నవాళ్లలో 165 మందిని రట్టర్ బృందం పెద్దయ్యేదాకా అనుసరించింది. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు నెలల లోపే బయటపడ్డవాళ్లు బ్రిటన్‌లోనే పుట్టి దత్తత వెళ్లిన పిల్లలతో సమానంగా ఉన్నారు. అంతకు మించి ఉన్నవాళ్లలో తెలివితేటల లోటు వయసుతో చాలావరకు పూడింది. కానీ నిలకడలేని ధ్యాస, పరాయివాళ్లతో హద్దు తెలియని చనువు, ఆటిజాన్ని పోలిన లక్షణాలు యవ్వనం దాకా వెంట వచ్చాయి. 2020లో మెదడు స్కాన్లు తీస్తే మెదడు పరిమాణం సగటున 8.6 శాతం తక్కువ. అదే గుంపులో దాదాపు ఐదోవంతు మందికి ఏ సమస్యా లేదు. ఈ ఐదోవంతు గురించి వీడియోలు చెప్పవు.

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో నెల్సన్, ఫాక్స్, జీనా చేపట్టిన అధ్యయనం ఇంకా గట్టిది. శిశు గృహాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని చీటీ వేసి పెంపుడు కుటుంబాలకు పంపారు. ఆ దేశంలో అప్పటికి అలాంటి కుటుంబాల ఏర్పాటు లేనట్టే, వీళ్లే తయారుచేసుకున్నారు. మూడున్నరేళ్ల వయసుకు పెంపుడు ఇళ్ల పిల్లల్లో 49 శాతం మందికి నిశ్చింత అనుబంధం కుదిరింది. గృహంలో ఉండిపోయినవాళ్లలో 18 శాతానికే. నాలుగున్నరేళ్లకు ఐక్యూ సగటు గృహంలో 73, పెంపుడు ఇంట్లో 81, కన్నవాళ్ల దగ్గర పెరిగిన పిల్లల్లో 109. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. అందరూ అక్కరకు తెచ్చుకునే “కీలక వయసు” వాదానికి ఆధారం ఇదే. కానీ ఇది గడువు తీరిన మందు సీసా మీద ముద్రలాంటిది కాదు; రెండేళ్ల తర్వాత వెళ్లినవాళ్లూ ఏమీ లాభపడలేదని దీని అర్థం కాదు.

ఆ పిల్లల్లో కనిపించిన ఒక లక్షణం దగ్గర మనం కాస్త ఆగాలి. పరాయి మనిషి రాగానే పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చోవడం, చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా వెంట వెళ్లిపోవడం. మన ఇళ్లలో అందరి చంకా ఎక్కే బిడ్డను “ఎంత కలుపుగోలు” అని మురిసిపోతాం. మామూలు ఇంటి బిడ్డ కొత్త చంకలో ఉన్నా కళ్లతో తన మనిషిని వెతుక్కుంటుంది. పోగొట్టుకునే భయం వేస్తే ఆ వైపు వంగుతుంది. శిశు గృహం బిడ్డకు వెతుక్కోవడానికి ఎవరూ లేరు. అనాథాశ్రమానికి పుట్టినరోజు కేకు పట్టుకెళ్లే మంచివాళ్లు ఈ తేడా గమనిస్తే, తమను చుట్టుముట్టే పిల్లల్ని చూసి “ఇక్కడ ఎంత ఆనందంగా ఉన్నారో” అనరు.

రుమేనియా నుంచి సేత్తూరుకు నేరుగా గీత గీస్తే తప్పు. మామూలు ఇళ్లలో పుట్టే తేడాల ప్రభావం అంతకన్నా చిన్నది. 2010లో ఫియరన్ బృందం దాదాపు ఆరువేల మంది పిల్లల అధ్యయనాలు కలిపి చూస్తే, అనుబంధంలో నిశ్చింత లేకపోవడానికీ తర్వాతి దుడుకుతనానికీ సంబంధం ఉంది, కానీ ఓ మోస్తరుదే. ఏడాది వయసులో పరీక్షించిన పిల్లలను ఇరవై ఏళ్లకు మళ్లీ చూసిన ఒక అమెరికా అధ్యయనంలో 72 శాతం మంది అదే తరగతిలో ఉన్నారు. ఇంకో అధ్యయనంలో మాత్రం అలాంటి నిలకడ కనిపించలేదు. తల్లి జబ్బుపడటం, తండ్రి పోవడం, ఇల్లు విరగడం లాంటివి మధ్యలో జరిగితే లెక్క మారిపోతుంది. పసితనం పునాదే, దాని మీద ఇల్లు ఇంకా కడుతూనే ఉంటారు.

పనికి వెళ్లే తల్లి విషయానికొస్తే, అమెరికాలో పది ప్రాంతాల నుంచి 1,364 కుటుంబాలను తీసుకుని అక్కడి జాతీయ శిశు ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐసీహెచ్‌డీ) చేసిన అధ్యయనం 1997లో జవాబు చెప్పింది: శిశు కేంద్రంలో ఉంచినందువల్ల మాత్రమే తల్లీబిడ్డల బంధం చెడలేదు. ఇంట్లోనూ పట్టించుకునే తీరు అంతంతమాత్రంగా ఉండి, కేంద్రం కూడా నాసిరకంగా ఉండటం, తరచూ మారడం లాంటివి తోడైతేనే చెడింది.

మిల్లు తల్లికి చట్టం ఏమిచ్చింది? 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లు ఒక సంఖ్యకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు ప్రసూతి సెలవును 26 వారాలు చేసింది, 50 మంది పనిచేసే చోట శిశు కేంద్రం పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని చెప్పింది. కాగితం మీద బాగుంది. కానీ తెల్లవారుజామున వ్యానులో తొమ్మిది నెలల బిడ్డను ఎత్తుకుని మైళ్ల దూరం ఎవరు వెళ్తారు? శిశు కేంద్రం మిల్లు గోడల లోపల ఉండటమే ఇక్కడి లోపం. అది ఊళ్లో ఉండాలి. ఊళ్లో ఉన్నది అంగన్‌వాడీ. తమిళనాడులో 1980లో మొదలైన పోషకాహార పథకం, 1982 నాటి ఎంజీఆర్ భోజన పథకం కలిసి పిల్లల కడుపు సంగతి చూశాయి. పసిబిడ్డను పగలంతా ఒక మనిషి చేతిలో ఉంచే ఏర్పాటు మాత్రం ఆ పథకాల పని కాదు. 2022 నుంచి కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలకే శిశు కేంద్రాలు జోడిస్తోంది. అది ఫలిస్తుందా లేదా అన్నది నా దృష్టిలో ఒక్కదాని మీద ఆధారపడుతుంది: ఆ ఆయమ్మకు ఇచ్చే జీతం ఆమెను రెండేళ్లయినా అక్కడ నిలబెట్టేంత ఉందా? మూడు నెలలకో ఆయమ్మ మారితే అది జాన్ ఉన్న శిశు గృహమే.

అంతవరకు ఆ భారం అవ్వ మీదే. అవ్వ పెంపకం గురించి నాకు దిగులు లేదు. దిగులంతా చేతులు మారే రోజు గురించే. మొదటి మార్పు తల్లి పనికెక్కినప్పుడు. రెండో మార్పు, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, మూడేళ్లకో నాలుగేళ్లకో “ఎల్‌కేజీ వేయాలి” అని బిడ్డను అవ్వ ఊరి నుంచి తల్లిదండ్రులు పట్నానికి తీసుకెళ్లినప్పుడు. పెద్దల దృష్టిలో అది బిడ్డ తల్లి దగ్గరికి చేరడం. బిడ్డ దృష్టిలో అది తల్లి లాంటి మనిషి నుంచి తెగిపోవడం. అమెరికా తెలుగువాళ్లు ఏడాది లోపు బిడ్డను గుంటూరుకో రాజమండ్రికో పంపి మళ్లీ తెచ్చుకోవడంలోనూ ఇదే జరుగుతుంది. కెనడాలో వలస చైనీయుల్లో ఇదే ఆచారాన్ని ఇవోన్ బోర్ పరిశీలించింది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల పిల్లలకైతే చేతులు ఎన్నిసార్లు మారతాయో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇంకా అడుగున ఉన్నవాళ్లు ఉన్నారు. 1992లో జయలలిత ప్రభుత్వం సేలంలో మొదలుపెట్టిన తొట్టిల్ (ఊయల) బిడ్డ పథకం ఆడశిశువుల ప్రాణం కాపాడటానికి పుట్టింది. ప్రాణం నిలిచిన తర్వాతి నెలలు సంస్థల్లో గడుస్తాయి. మూడేళ్ల లోపు పిల్లలను ఇంటి వాతావరణంలోనే ఉంచాలని 2009లో ఐక్యరాజ్యసమితి చెప్పింది. పెంపుడు కుటుంబాలకు 2015 బాలల న్యాయచట్టంలో చోటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తమిళనాడులోనూ అవి ఇప్పటికీ అరుదే. బుకారెస్ట్ ఫలితాలు చదివాక దత్తత కాగితాలు ఒక్కో నెలా ఆలస్యమవడాన్ని కేవలం ఆఫీసు జాప్యం అనుకోలేం.

పెద్దలు చేతులారా చేసే చిన్న గాయాలు కొన్ని ఉన్నాయి. ఏడుస్తుందని బిడ్డను ఏదో ఆటలో పెట్టి వెనక తలుపులోంచి జారుకోవడం ఒకటి. “నిన్ను తవుడుకు కొన్నాం” అని ఆటపట్టించడం ఇంకొకటి. ఇది ఇక్కడ తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. వదిలేసి పోతామనే బెదిరింపు బిడ్డను ఎలా కుంగదీస్తుందో బౌల్బీ 1973లో విడిగా రాశాడు. ఆటగా అన్న మాట బిడ్డకు ఆట కాకపోవచ్చు.

అవ్వ చేతి నుంచి తల్లి చేతికి మార్చేటప్పుడు ఏం చేయాలో రాబర్ట్‌సన్ల ఇంటి వివరాల్లోనే ఉంది. వాళ్లు పిల్లలను ఒక్కసారిగా తెచ్చుకోలేదు. ముందు కొన్నిసార్లు ఇంటికి రప్పించి అలవాటు చేశారు. బిడ్డ సొంత దుప్పటి, బొమ్మ వెంట తెమ్మన్నారు. దూరంగా ఉన్న తల్లి పేరు ఎత్తకుండా ఉండటం కాదు, ఆమె ఫొటో చూపించి ఆమె గురించే మాట్లాడారు. సేత్తూరు అవ్వకు దీన్ని ఇలా చెప్పొచ్చు: బిడ్డతో పాటు నువ్వు కూడా పట్నం వెళ్లు, నెలో రెండు నెలలో ఆ ఇంట్లో ఉండు, నీ పాత చీర ఒకటి వదిలిపెట్టి రా. తల్లికి చెప్పాల్సింది ఇంకా కష్టమైనది. రాత్రి బిడ్డ అవ్వ కావాలని ఏడిస్తే ఫోన్ కలిపి ఇవ్వాలి. “నేనున్నాను కదా” అని నోరు మూయించకూడదు.